గడ్డకట్టిన సరస్సు మీద తెరచాప: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలిదేశాల్లో గడ్డకట్టిన సరస్సుల మీద తెరచాపతో పరుగెత్తే ఐస్‌బోట్ల ఛాయాచిత్రాలను కిందటి సంచికలో ప్రచురించాము. అవి చూసి పాఠకులు పంపిన ప్రశ్నల్లో సగానికి పైగా పడవ గురించి కాక, దాని కింద ఉండే మంచు గురించే ఉన్నాయి. అలా అడగడమే సబబు. ఈ క్రీడలో పడవ నడపడం ఒకటి రెండు శీతకాలాల్లో పట్టుబడుతుంది. మంచు స్థితిని అంచనా వేయడం మాత్రం ప్రతి సరస్సు దగ్గరా, ప్రతి ఉదయమూ మొదటి నుంచి చేయవలసిన పని.

ప్రశ్న: ఐస్‌బోటు తనను నడిపే గాలి కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా వెళుతుందని రాశారు. గాలితో నడిచే వస్తువు గాలినే ఎలా మించిపోతుంది?

జవాబు: గాలి తెరచాపను వెనుక నుంచి నెడుతుందని అనుకున్నంత కాలం ఇది అసాధ్యంగానే తోస్తుంది. నిజానికి గాలి వీచే దిక్కుకే సూటిగా వెళ్లే ఐస్‌బోటు గాలి వేగాన్ని ఎన్నడూ దాటలేదు. గాలికి అడ్డంగానో ఏటవాలుగానో వెళ్లే పడవ సంగతి వేరు. అక్కడ తెరచాప విమానం రెక్క చేసే పనే చేస్తుంది. దాని రెండు వైపులా గాలి పీడనంలో ఏర్పడే తేడా వల్ల తెరచాపకు దాదాపు లంబంగా ఒక బలం పుడుతుంది. ఆ బలంలో ఎక్కువ భాగం పడవను పక్కకు తోయాలని చూస్తుంది గాని, కింద ఉన్న, స్కేటు బ్లేడుల వంటి ఉక్కు రన్నర్ల పదునైన అంచులు మంచును కరచుకుని పక్కకు జరగనివ్వవు; ముందుకు మాత్రం దాదాపు రాపిడి లేకుండా జారనిస్తాయి. తడి సబ్బు ముక్కను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు దూసుకుపోయినట్టే, గాలికీ రన్నర్లకూ మధ్య చిక్కిన పడవ ముందుకు దూసుకుపోతుంది.

ఇప్పుడు గంటకు 20 కిలోమీటర్ల గాలికి సరిగ్గా అడ్డంగా 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న పడవను ఊహించండి. అందులో వెల్లకిలా పడుకుని నడుపుతున్న మనిషికి తగిలేది పక్క నుంచి వీచే 20 కిలోమీటర్ల గాలి కాదు. అసలు గాలీ, తన వేగం వల్ల పుట్టిన ఎదురుగాలీ కలిసి, పడవ ముక్కుకు సుమారు 18 డిగ్రీల పక్క నుంచి, గంటకు 63 కిలోమీటర్ల గాలిగా తగులుతాయి. తెరచాప పనిచేసేది ఈ గాలితోనే. పడవ వేగం పెరిగేకొద్దీ ఈ గాలి బలపడుతుంది, గాలి బలపడేకొద్దీ పడవ వేగం పెరుగుతుంది. కాని తగిలే గాలి క్రమంగా ముక్కు వైపుకు జరుగుతుంది కనుక, తెరచాప ముందుకు లాగే బలమూ గాలి నిరోధమూ రాపిడీ సమానమైన చోట ఈ పెరుగుదల ఆగిపోతుంది. నీటి మీది పడవను నీటి నిరోధమూ, తాను రేపుకున్న అలలూ చాలా ముందే ఆపేస్తాయి. మంచు మీద ఆ అడ్డు లేదు. అందుకే ఐస్‌బోటు నడిపేవారు గాలివాలున వెళ్లవలసి వచ్చినప్పుడు కూడా తెరచాపను బిగించే ఉంచి, సూటిగా కాక అటొకసారి ఇటొకసారి మలుపులు తీసుకుంటూ వెళతారు. నడిచే దూరం పెరిగినా గమ్యాన్ని ముందే చేరుకుంటారు.

ఈ లెక్కలో మరో సంగతి దాగి ఉంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు, 90 కిలోమీటర్లంటే 25 మీటర్లు. ఎదుట మంచు రంగు మారిందని కన్ను గుర్తించి, చేయి చుక్కాని తిప్పేలోపే పడవ ఆ రంగు మారిన మంచు మీదికి చేరిపోతుంది. ఐస్‌బోటు మీద కూర్చుని మంచును పరీక్షించడం కుదరదు. ఆ పరీక్ష అంతకు ముందే, కాలినడకన, పూర్తయి ఉండాలి.

ప్రశ్న: మేము అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్నాము. దగ్గరలోని సరస్సు డిసెంబరులో గడ్డకట్టింది. 4 అంగుళాల మంచు ఉంటే మనిషి నడవవచ్చని అందరూ అంటారు. ఒడ్డు దగ్గర రంధ్రం వేసి చూస్తే 5 అంగుళాలు ఉంది. ఇక ఐస్‌బోటు దించవచ్చా?

జవాబు: ఆ ఒక్క రంధ్రాన్ని నమ్ముకుని దించకండి. మీరు విన్న లెక్క తప్పేమీ కాదు. కొత్తగా కట్టిన స్వచ్ఛమైన మంచు 4 అంగుళాలకు తక్కువగా ఉంటే అడుగు పెట్టవద్దని, తెల్లని మంచైతే అంతకు రెట్టింపు మందం ఉండాలని మిన్నెసోటా సహజ వనరుల శాఖే చెబుతుంది. ఏ మంచూ నూటికి నూరు పాళ్లు సురక్షితం కాదని కూడా ఆ శాఖే హెచ్చరిస్తుంది. అయితే మీ 5 అంగుళాలు ఆ రంధ్రం ఉన్న చోటికీ, మీరు కొలిచిన వేళకూ మాత్రమే వర్తించే కొలత. సరస్సంతటా ఒకే మందం ఉండదు. ఎందుకు ఉండదో తెలుసుకుంటే ఎక్కడ అనుమానించాలో తెలుస్తుంది.

నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యధికంగా ఉంటుంది. చలి మొదలైనప్పుడు పైనున్న నీరు చల్లబడి, బరువెక్కి, అడుగుకు దిగుతుంది. సరస్సులోని నీరంతా 4 డిగ్రీలకు వచ్చేదాకా ఈ కలయిక సాగుతుంది. ఆ తరువాత ఇంకా చల్లబడిన నీరు తేలికై పైనే నిలిచిపోయి, గాలి లేని, మబ్బు లేని ఏదో ఒక రాత్రి గడ్డకడుతుంది. లోతు తక్కువైన చోట్లకు, ఒడ్డు మలుపుల్లో గాలి సోకని మూలలకు ఆ రాత్రి ముందుగా వస్తుంది. లోతైన నడిభాగానికి, అలలు ఎడతెగక లేచే చోట్లకు ఎన్నో రోజుల తరువాత గాని రాకపోవచ్చు. కాబట్టి ఒడ్డున 5 అంగుళాలు ఉన్న రోజునే నడిమధ్య ఒకటిన్నర అంగుళం ఉండడంలో ఆశ్చర్యం లేదు. చివరగా కట్టిన ఆ మంచే చూపుకు అన్నిటికంటే నున్నగా, నల్లగా, మచ్చ లేకుండా కనిపిస్తుంది. పడవ నడిపేవారి మనసు సహజంగా అటే లాగుతుంది. నా దృష్టిలో ఈ క్రీడలో ఇంతకు మించిన ప్రలోభం లేదు. పాత మంచుకూ కొత్త మంచుకూ మధ్య ఒక సన్నని హద్దు, రంగులో కొద్దిపాటి తేడా కనిపించిందంటే, అక్కడ మళ్లీ కొలవకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు.

మందం సగానికి తగ్గితే బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. మంచు పలక మోయగల బరువు దాని మందం వర్గానికి అనులోమంగా ఉంటుందని కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన లోర్న్ గోల్డ్ 1971లో ప్రచురించిన సూత్రం చెబుతుంది. మంచు మీద వాహనాలు నడిపేవారు నేటికీ ఆ సూత్రాన్నే ఆధారం చేసుకుంటారు. 4 అంగుళాల నుంచి 2 అంగుళాలకు దాటడమంటే ఏం పోగొట్టుకుంటున్నామో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ఇక కొలిచే పద్ధతికి వద్దాం. ఇద్దరికి తక్కువ కాకుండా, ఒకరి వెనుక ఒకరు పది మీటర్ల ఎడంతో నడవాలి. ముందు నడిచేవారి చేతిలో మొన ఉన్న బరువైన గునపం ఉండాలి. రెండు మూడు అడుగులకోసారి దానితో తమ ముందున్న మంచును గట్టిగా పొడవాలి. ఒక్క పోటుకే మొన నీటిలోకి దిగిందంటే, వచ్చిన అడుగుజాడల మీదుగానే వెనక్కి మళ్లాలి. గునపం తట్టుకున్న చోట కొంత దూరానికొకటి చొప్పున బ్యాటరీ డ్రిల్లుకు పొడవైన బర్మా బిగించి రంధ్రం వేయాలి. కొన వంచిన కొలబద్దను అందులోకి దించి, ఆ వంపు మంచు అడుగుకు తగిలేలా పైకి లాగి మందం చదవాలి. బర్మాతో పైకి వచ్చిన పొడిని కూడా గమనించాలి: గట్టి మంచు పొడిగా, తెల్లగా రాలుతుంది, కుళ్లిన మంచు ముద్దముద్దగా, తడిగా వస్తుంది. రంధ్రంలో నీరు ఎంతవరకు లేచిందో చూడడం కూడా అవసరమే. మంచు సాంద్రత నీటి సాంద్రతలో సుమారు 92 శాతం కనుక, 10 సెంటీమీటర్ల పలకలో నీరు పైఅంచుకు ఒక సెంటీమీటరు లోపు కిందనే ఆగాలి. అలా ఆగకుండా పొంగి పైకి పారితే, పైన కురిసిన హిమం బరువుకు పలక కుంగిపోయి ఉందని అర్థం. ఆ హిమం దుప్పటిలాగా చలిని కిందికి దిగనివ్వదు కాబట్టి, దాని అడుగున మంచు పెరగడం కూడా దాదాపు ఆగిపోయి ఉంటుంది.

కింది నీరు కనిపించేంత స్వచ్ఛంగా ఉండి నల్లగా తోచే మంచులో చూపుకే కొంత తెలుస్తుంది. పలకలో నిలువునా దిగిన పగుళ్లు లోపల తెల్లని గాజుగోడల్లా కనిపిస్తాయి. వాటి లోతును చూసి మందాన్ని ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. పగులు కనిపించని నల్లని మంచు ఎంత మందమో కంటితో చెప్పలేము, అది మూడు అంగుళాలు కావచ్చు, మూడో వంతు అంగుళం కూడా కావచ్చు.

వాగులు కలిసే చోట్లు, నీరు బయటికి పోయే తూములు, వంతెనల కింది భాగాలు, రెండు ఒడ్లు దగ్గరగా వచ్చి నీరు ఒరుసుకుని పారే ఇరుకులు, అడుగున ఊటలు ఉన్న చోట్లు, పడవలరేవుల్లో మంచు పట్టకుండా గాలి బుడగలు వదిలే యంత్రాలు నడిచే చోట్లు, బాతుల గుంపులు రాత్రంతా ఈదుతూ నీటిని తెరిచి ఉంచిన మడుగులు: వీటన్నిటినీ ముందే సరస్సు పటం మీద గుర్తించి, పరీక్షతో పని లేకుండానే హద్దు వెలుపల పెట్టాలి. మిగిలిన దానిలో కొలిచి నమ్మిన మేరకు జెండాలు పాతి, ఆ జెండాల లోపలే పడవ నడపాలి. మధ్యలో వాన కురిసినా, ఒక పూట మంచు కరిగినా కొలత మళ్లీ మొదటికి వస్తుంది. పైన నిలిచిన నీరు చిన్న చిన్న రంధ్రాల గుండా కిందికి ఇంకుతూ వాటిని పెద్దవి చేస్తుంది. మరునాడు చలికి వాటి మీద పలుచని పొర కట్టి, మనిషి పట్టేంత గుంట కూడా నిండు మంచులాగే కనిపిస్తుంది.

ప్రశ్న: మార్చి నెలలో 12 అంగుళాల మంచు ఉన్నా మా అబ్బాయిని సరస్సు మీదికి వెళ్లనివ్వలేదట. అదే డిసెంబరులో 5 అంగుళాల మంచు మీద తిరిగారు. ఈ తేడా ఎందుకు?

జవాబు: ఆపినవారు సరైన పని చేశారు. సరస్సు మంచు పై నుంచి కిందికి పెరిగే నిలువు స్ఫటికాల కట్ట. చలి ఉన్నంత కాలం ఆ స్ఫటికాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వసంతపు ఎండ పలక లోపలికి చొచ్చుకుపోయినప్పుడు ముందుగా కరిగేది స్ఫటికాల మధ్యనున్న అతుకులే. అప్పుడు మందం తగ్గకుండానే పలక విడివిడి కడ్డీల మోపుగా మారిపోతుంది. గునపంతో పొడిస్తే పొడవైన సూదుల్లా విడిపోయే ఈ మంచు 12 అంగుళాలున్నా మనిషిని మోయకపోవచ్చు. ఉదయం చలికి బిగుసుకుని, మధ్యాహ్నం ఎండకు వదులయ్యే రోజులు కూడా ఉంటాయి. అలాంటి రోజున ఉదయం తీసిన కొలతను పట్టుకుని సాయంత్రం పడవ నడపకూడదు.

ప్రశ్న: మంచు మీద నిలబడి ఉండగా ఫిరంగి పేలినట్టు పెద్ద చప్పుడై, కాళ్ల కింద గీత పడింది. పారిపోయి వచ్చాను. నిజంగా ప్రమాదమేనా?

జవాబు: ఆ చప్పుడు చాలా సార్లు మంచు గట్టిగా ఉందనడానికి గుర్తు. మంచు కూడా వేడికి వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది. ఒక కిలోమీటరు వెడల్పున్న పలక ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే దాని పొడవులో సుమారు అర మీటరు తేడా వస్తుంది. రాత్రి చలికి కుంచించుకున్నప్పుడు పలక పగులుతుంది. పగులులోకి నీరు వచ్చి గడ్డకడుతుంది. పగలు వేడెక్కి సాగినప్పుడు ఇక చోటు చాలదు. దూరాన పగిలిన శబ్దంలో సన్నని స్వరం మంచు గుండా ముందు చేరుతుంది, లావుపాటి స్వరం వెనుక వస్తుంది. అందుకే అది ఒక్కోసారి ఈల వేసినట్టు వినిపిస్తుంది. స్కేటు కింద మంచు పలికే స్వరం కూడా పలక పలుచనయ్యేకొద్దీ సన్నబడుతుంది. స్వీడన్ సరస్సుల మీద దూరప్రయాణాలు చేసే స్కేటర్లు ఆ స్వరాన్ని చెవి ఒగ్గి వింటూ నడుస్తారు.

భయపడవలసింది ఆ చప్పుడు తరువాత మిగిలే దానికి. సాగిన పలకలు ఒకదానితో ఒకటి ఒత్తుకుని, ఒక ఒడ్డు కొన నుంచి ఎదుటి ఒడ్డు కొన దాకా గట్టులాగా పైకి లేస్తాయి, లేదా కిందికి మడతపడి నీటిని పైకి తెస్తాయి. జపాన్‌లోని సువా సరస్సు మీద లేచే ఇలాంటి గట్టును దేవుడు ఆవలి ఒడ్డున ఉన్న దేవిని చూడడానికి నడిచిన దారిగా భావించి, అక్కడి ఆలయ పూజారులు 1443 నుంచి నమోదు చేస్తూ వచ్చారు. ఐస్‌బోటు నడిపేవారికి ఆ గట్టు ఒక సరిహద్దు. దాని పక్కనే మంచు నీటిలోకి వంగి, పైన పలుచని పొరతో కప్పబడి ఉంటుంది. నిన్న దాటిన చోటే ఈరోజు దాటవచ్చని అనుకోవడానికి వీల్లేదు. దాటక తప్పకపోతే పడవ దిగి, గునపంతో పరీక్షించి, పలకలు గట్టిగా అతుక్కున్న చోటు చూసుకుని, పడవను చేత్తో నెట్టుకుంటూ దాటాలి.

ప్రశ్న: కొత్తగా నేర్చుకునేవారు ఏ పడవతో మొదలుపెట్టాలి?

జవాబు: డీఎన్ తరగతి పడవతో. 1937లో అమెరికాలో డెట్రాయిట్ న్యూస్ పత్రిక వర్క్‌షాపులో రూపుదిద్దుకున్నందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. 12 అడుగుల పొడవు, పక్క రన్నర్లను మోసే 8 అడుగుల అడ్డచెక్క, 16 అడుగుల తెరచాప స్తంభం, 60 చదరపు అడుగుల తెరచాప, ఒక్కరే నడపడం: ఇంతే దాని స్వరూపం. విప్పి కారు మీద కట్టుకుని తీసుకుపోవచ్చు. 19వ శతాబ్దంలో హడ్సన్ నది మీద ధనవంతులు నడిపిన ఐస్‌బోట్లు ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. జాన్ రూజ్‌వెల్ట్ నడిపిన ఐసికిల్ అనే పడవ దాదాపు 69 అడుగుల పొడవుండేది, 1871లో నది పక్కన నడిచే రైలుతో పందెం వేసి గెలిచింది. వాటి చుక్కాని వెనుక ఉండడం వల్ల బలమైన గాలికి వెనుకభాగం తేలి, పడవ ఉన్నపాటున గిర్రున తిరిగేది. 1930ల నుంచి చుక్కాని రన్నర్ ముందుకు రావడంతో ఆ బెడద బాగా తగ్గింది. ఇద్దరు కూర్చునే పడవ కావాలంటే ఎరిక్ ఫాన్ హోల్స్ట్ 1932లో రూపొందించిన 15 చదరపు మీటర్ల మోనోటైప్ బాల్టిక్ ప్రాంతంలో ఇప్పటికీ నడుస్తోంది. ఏ పడవైనా పక్క రన్నర్లు రెండూ కచ్చితంగా సమాంతరంగా ఉండాలి, అంచులు 90 డిగ్రీల కోణంలో పదునుగా ఉండాలి. బొటనవేలి గోరును అంచు మీద ఆనించి లాగితే సన్నని పొట్టు లేవాలి. గోరు జారిపోతే మళ్లీ పదును పెట్టాలి.

ప్రశ్న: పందెం ఎక్కడ జరుగుతుందో ముందుగా ఎందుకు ప్రకటించరు? పందెం నియమాలు ఏమిటి?

జవాబు: తేదీలు ముందే ఖరారవుతాయి, స్థలం మాత్రం పందేనికి కొద్ది రోజుల ముందే తేలుతుంది. ప్రతి ప్రాంతంలోనూ స్థానిక నావికులు తమ సరస్సుల మీద నడిచి, మందం, ఉపరితలం, హిమం ఎంత ఉందో కొలిచి నిర్వాహకులకు తెలియజేస్తారు. ఐదారు సెంటీమీటర్ల కొత్త హిమం చాలు, మిగతా అన్నీ బాగున్నా పడవలు కదలవు. అందువల్ల పందేనికి బయలుదేరినవారు దారి మధ్యలో మరో సరస్సుకు మళ్లవలసి రావడం మామూలే. ఈ అనిశ్చితి ఏటేటా పెరుగుతోంది. విస్కాన్సిన్‌లోని మెండోటా సరస్సుకు 1850ల నుంచి మంచు రికార్డులు ఉన్నాయి. అప్పటితో పోలిస్తే అక్కడ మంచు నిలిచే కాలం సుమారు ఒక నెల తగ్గింది. ఈ క్రీడను ప్రేమించేవారికి ఇది ఎంతో బాధ కలిగించే విషయం. ఆ తొందరలో కాస్త పలుచని మంచుతో సరిపెట్టుకోవాలనే ఆలోచన రావడం నాకు అంతకంటే ఆందోళన కలిగిస్తుంది.

డీఎన్ పందెంలో పడవలు గీత మీద నిలబడి ఉంటాయి. జెండా పడగానే నావికులు ముల్లుబూట్లతో పరుగెత్తుతూ పడవను నెట్టి, వేగం అందుకున్నాక లోపలికి దూకుతారు. గాలికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి ఉండే రెండు గుర్తులను చుట్టి రావాలి. గాలికి ఎదురెక్కుతున్న పడవకు, గాలివాలున దిగుతున్న పడవ దారి ఇవ్వాలి. ఎదురెక్కే పడవలు రెండు ఎదురుపడితే కుడి పక్క నుంచి గాలి తగిలే పడవదే హక్కు. రెండు పడవలు దగ్గరపడే వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటగలదు కనుక, హక్కు ఎవరిదో ఆలోచించి తేల్చుకునే వ్యవధి ఉండదు. నియమం కంఠతా వచ్చి ఉండాలి.

ప్రశ్న: ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా నీటిలో పడితే ఏం చేయాలి?

జవాబు: తేలే జాకెట్టు, హెల్మెట్, మెడలో వేలాడే రెండు ఐస్ పిక్‌లు (మంచులో గుచ్చి పట్టు చిక్కించుకునే మొనదేలిన పిడులు) లేకుండా అసలు పడవ ఎక్కకూడదు. చల్లని నీటిలో పడిన మనిషికి ఏమవుతుందో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ సులభంగా గుర్తుండే లెక్కలో చెప్పారు: ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది 10 నిమిషాలు, శరీరం చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. పడగానే ఊపిరి ఎగపోస్తుంది. ఆ మొదటి నిమిషంలో తల నీటిపైన ఉంచుకోవడం తప్ప మరేమీ చేయవద్దు. తరువాత మీరు వచ్చిన వైపుకే తిరగండి, మిమ్మల్ని అంతదాకా మోసిన మంచు అదే. పిక్‌లను మంచులో గుచ్చి, కాళ్లను వెనక్కి చాచి ఈదుతున్నట్టు ఆడిస్తూ, శరీరాన్ని అడ్డంగా ఉంచి పైకి జరగండి. బయటికి రాగానే లేచి నిలబడకుండా దొర్లుతూ దూరం జరగండి. ఒడ్డున ఉన్నవారు దగ్గరికి పరుగెత్తకూడదు. పడుకుని తాడు గాని, పొడవైన కర్ర గాని అందించాలి. పైకి తెచ్చిన మనిషికి తడి బట్టలు విప్పి పొడి బట్టలు కప్పాలి, ఆ మనిషిని నడిపించకుండా వెచ్చని చోటికి చేర్చి వైద్య సహాయం పిలవాలి. అదే సమయంలో మరొకరు ఆ గుంటకు సురక్షితమైన దూరంలో చుట్టూ జెండాలు పాతి, సరస్సు మీద ఉన్న ప్రతి పడవనూ ఆపించాలి.